యముడు ఇవ్వజూపిన రథాలు

2022 సెప్టెంబరు ఆఖరున మెర్సిడెస్-బెంజ్ తన ఈక్యూఎస్ 580 విద్యుత్ సెడాన్‌ను భారత మార్కెట్లో పెట్టింది. పుణె దగ్గర చాకన్ కర్మాగారంలో కూర్చిన కారు, ఎక్స్-షోరూం ధర కోటీ 55 లక్షలు. మరుసటి జనవరిలో బీఎండబ్ల్యూ ఐ7 వచ్చింది. అది పూర్తిగా దిగుమతి, ధర కోటీ 95 లక్షలు. ఒకదానిలో డ్యాష్‌బోర్డు ఈ కొస నుంచి ఆ కొసదాకా పరచుకున్న 56 అంగుళాల గాజు పలక. రెండోదానిలో వెనక సీటువారి కోసం పైకప్పు నుంచి కిందికి దిగే 31 అంగుళాల సినిమా తెర. మొదటిది గాలిని కోసుకుపోవడంలో మేటి, దాని డ్రాగ్ కోఎఫిషియెంట్ 0.20 మాత్రమే, రెండోది వెడల్పాటి ముఖంతో, పాతకాలపు హుందాతనంతో నిలబడుతుంది. నూరు కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మొదటిదానికి 4.3 సెకన్లు, రెండోదానికి 4.7. ఈ పదింట నాలుగు వంతుల సెకను మన రోడ్ల మీద ఎక్కడ పనికొస్తుందో చెప్పినవారు లేరు గానీ పోలిక పట్టికల్లో దానికి మాత్రం తప్పకుండా ఒక గడి ఉంటుంది. అంత స్తోమత ఉన్న మనిషి ఈ గడులన్నీ నింపుకుంటూ, నిపుణుల వీడియోలు చూస్తూ, టెస్ట్ డ్రైవ్‌లు చేస్తూ వారాల తరబడి తర్జనభర్జన పడవచ్చు. చివరకు ఒకదాన్ని ఖాయం చేసినప్పుడు తానొక బరువైన నిర్ణయం తీసుకున్నానన్న తృప్తీ కలుగుతుంది. ఆ తృప్తికి ఆధారం ఉందా అన్నదే నా ప్రశ్న. లేదనే నేననుకుంటున్నాను. అంతేకాదు, ఆ తర్జనభర్జన పడే శ్రమే నిజంగా ఆలోచించవలసిన ప్రశ్నను కనబడకుండా చేస్తుందని నా వాదన.

ముందు ఆ పోలికనే కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే తేడాలే లేవని నేననడం లేదు. ఈక్యూఎస్‌కు ఒక్క ఛార్జింగుతో 857 కిలోమీటర్లని ప్రకటించారు, అది భారతీయ పరీక్షా పద్ధతిలో తేలిన అంకె. ఐ7కు గరిష్ఠంగా 625 అన్నారు, అది యూరపువారి డబ్ల్యూఎల్‌టీపీ పద్ధతిలోది. రెండు వేర్వేరు కొలబద్దలతో కొలిచిన అంకెలను పక్కపక్కన పెట్టి తీసివేత చేయడం లెక్క అనిపించుకోదు, అయినా ఆ తీసివేత జరుగుతూనే ఉంటుంది. ఇక మనస్సాక్షికి సంబంధించిన తేడాలున్నాయి. చాకన్‌లో కూర్చిన కారు ఇక్కడి కార్మికులకు పని ఇస్తుంది, దిగుమతి కారు ఆ మేరకు ఇవ్వదు. మరోవైపు ఐ7 మోటార్లలో అరుదైన ఖనిజాలతో చేసే శాశ్వత అయస్కాంతాలు ఉండవు, ఈక్యూఎస్ మోటార్లలో ఉంటాయి. కోబాల్టును కాంగో గనుల నుంచి కాక మొరాకో, ఆస్ట్రేలియాల నుంచి తానే కొంటానని బీఎండబ్ల్యూ ప్రకటించింది కూడా. అంటే ధర్మాధర్మాల వైపు నుంచి చూసినా ఒక కారణం ఇటు లాగితే ఇంకొకటి అటు లాగుతుంది. విడుదలనాటి ధరల్లో 40 లక్షల తేడా ఉంది కదా అంటారా, ఉంది. టాటా టియాగో విద్యుత్ కారు వచ్చిన కొత్తల్లో ఆ తేడా సొమ్ముతోనే మూడు టియాగోలు కొనుక్కోవచ్చు. కానీ రెండు కోట్ల అంచున నిలబడి పోల్చుకునేవారికి ఆ తేడా మరో గడి మాత్రమే. మొత్తానికి రెండూ ఒక స్థాయివే, ఏది తీసుకున్నా తీసుకున్న మనిషి కోరుకున్నది దొరుకుతుంది. తత్త్వవేత్తలకు ఇది చాలా పాత చిక్కు.

పదకొండో శతాబ్దం చివర ఇస్లాం పండితుడు అల్-గజాలీ, తత్త్వవేత్తలను ఖండిస్తూ రాసిన గ్రంథంలో ఈ చిక్కును రెండు ఖర్జూరాలతో చెప్పాడు. ఆకలిగొన్న మనిషి ముందు అన్ని విధాలా సమానమైన రెండు ఖర్జూరాలున్నాయి, ఒకటే తీసుకోవాలి. దీన్నే ఎంచుకోవడానికి కారణమేదీ లేదు కాబట్టి అతను ఏదీ తీసుకోలేక చూస్తూ కూర్చుంటాడా? కూర్చోడు, ఒకటి తీసుకుంటాడు. కాబట్టి తేడా లేనిచోట కూడా తేడా కల్పించి ముందుకు సాగడమే ఇచ్ఛ స్వభావం అన్నాడు గజాలీ. ఆయన అసలు గురి ఖర్జూరాలు కావు. కాలంలో అన్ని క్షణాలూ ఒకేలా ఉంటే దేవుడు ఫలానా క్షణంలోనే లోకాన్ని ఎందుకు సృష్టించాడన్న తార్కికులకు జవాబు. తర్వాత వందేళ్లు నిండకముందే కార్డోబాకు చెందిన ఇబ్న్ రుష్ద్ ఆ ఖండనను ఖండించాడు. ఆయన అన్నమాట చాలా పదునైనది. ఆ మనిషి ఖర్జూరానికీ ఖర్జూరానికీ మధ్య ఎంచుకోవడం లేదు, తినడానికీ తినకపోవడానికీ మధ్య ఎంచుకుంటున్నాడు. తినడమని తేలిపోయాక చేతికి ఏది అందితే ఆ కోరిక దానితోనే తీరుతుంది, ఒకదాని స్థానంలో మరొకటి సరిపోతుంది. ఇచ్ఛ పని అప్పటికే అయిపోయింది. దేవుడి సంగతిలో గెలుపెవరిదో తేల్చే సాహసం నాకు లేదు గానీ కార్ల విషయంలో మాత్రం ఇబ్న్ రుష్ద్ చెప్పింది తు.చ. తప్పకుండా సరిపోతుంది. ఈక్యూఎస్ తీసుకోవాలా, ఐ7 తీసుకోవాలా అని మనిషి తల పట్టుకున్నప్పటికే పెద్ద నిర్ణయం జరిగిపోయింది. రెండు కోట్ల రూపాయలు, రెండున్నర టన్నుల లోహం, ఒక మనిషి రాకపోకలు: ఈ మూడింటినీ ముడివేసిన నిర్ణయం అది. అది ఎప్పుడు జరిగింది, దానికోసం ఎన్ని గంటలు ఆలోచించారు అని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. అది నిర్ణయంలాగా కనిపించనే కనిపించదు. ఆదాయం ఒక మెట్టెక్కింది, దానితోపాటు కారూ ఎక్కింది.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం గట్టిదే. ఆ మనిషి పెట్రోలు కారు వద్దనుకుని విద్యుత్ కారు దగ్గరికి వచ్చాడు, అది ధర్మబద్ధమైన ఎంపిక కాదా? అవును, కొంతవరకు. మన దేశంలో కరెంటులో దాదాపు మూడొంతులు బొగ్గు నుంచే వస్తుంది. హైదరాబాదులో ఛార్జింగ్ పెట్టిన కారు వెనక సింగరేణి బొగ్గు, రామగుండం, కొత్తగూడెం పొగగొట్టాలు ఉంటాయి. అయినా అంతర్జాతీయ స్వచ్ఛ రవాణా మండలి 2021లో వేసిన లెక్క ప్రకారం భారతదేశంలో మధ్యతరహా విద్యుత్ కారు, తయారీ నుంచి తుక్కు దాకా చూస్తే, అదే తరహా పెట్రోలు కారుకన్నా 19 నుంచి 34 శాతం తక్కువ ఉద్గారాలు వదులుతుంది. యూరప్‌లో ఈ మేలు మూడింట రెండు వంతులు. ఇక్కడ మేలు చిన్నదే కానీ ఉంది, దాన్ని కాదనను. అయితే ఆ లెక్కలోని షరతు గమనించాలి: అదే తరహా కారుతో పోలిస్తే. ఈక్యూఎస్ బ్యాటరీ 107.8 కిలోవాట్ అవర్లది, ఐ7ది 101.7. టియాగోలో పెద్ద బ్యాటరీ 24. మహీంద్రా ట్రియో విద్యుత్ ఆటోలో ఉన్నది 7.37. ఒక్క ఈక్యూఎస్ కింద పరిచిన బ్యాటరీ పద్నాలుగు ఆటోల బ్యాటరీల పాటి. ఆ ఆటోలు పొద్దున్నుంచి రాత్రిదాకా జనాన్ని తిప్పుతాయి, ఈ కారు ఒకరిని ఆఫీసుకు తీసుకెళ్లి సాయంత్రందాకా సెల్లార్‌లో నిలబడుతుంది. విద్యుత్ అన్న విశేషణం నిజంగా ఒక తప్పును తగ్గించింది, కానీ ఎంత అన్న ప్రశ్న జోలికి అది వెళ్లలేదు. 1899లో ఆర్థికవేత్త థోర్‌స్టీన్ వెబ్లెన్, సంపన్నుల ఖర్చు పదిమంది కంట పడేటట్టు ఉండాలన్నదే దాని సూత్రమని రాశాడు. ఇప్పుడు ఆ ఖర్చుకు తోడు సత్ప్రవర్తన కూడా నంబర్ ప్లేటు ఆకుపచ్చ రంగులో కంట పడుతోంది. పెట్రోలు మానడం అనే ఒక మంచి పని తక్కిన ప్రశ్నలన్నిటికీ పూచీకత్తు ఇచ్చేస్తోంది, నా పేచీ అక్కడే.

మన సంప్రదాయంలో ఈ సంగతిని ఎదురుగా పెట్టి మాట్లాడిన గ్రంథం కఠోపనిషత్తు. నచికేతుడనే బాలుడు మూడో వరంగా చావు తర్వాత ఏముందో చెప్పమని యముణ్ణి అడుగుతాడు. యముడు దాటవేయజూస్తూ ఒక చిట్టా విప్పుతాడు: నూరేళ్లు బతికే కొడుకులు, మనవలు, పశువులు, ఏనుగులు, గుర్రాలు, బంగారం, విశాలమైన భూమి. చివర్లో ఇంకో మెట్టెక్కి, రథాలతో, వాద్యాలతో సహా మనుషులకు దొరకని అందగత్తెలను కూడా ఇస్తానంటాడు. నచికేతుడు ఇక్కడ చేసినదానికన్నా చేయనిది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. అతను ఏనుగునూ గుర్రాన్నీ పోల్చి చూడడు, రథం మంచిదా భూమి మంచిదా అని బేరీజు వేయడు. నీ వాహనాలు, ఆటపాటలు నీ దగ్గరే ఉంచుకొమ్మంటాడు. ఇవి ఇంద్రియాల తేజస్సును అరగదీస్తాయి, ధనంతో మనిషికి తృప్తి కలగదు, ఇదీ అతని వాదం. ఆ తర్వాతే యముడు శ్రేయస్సు, ప్రేయస్సు అన్న విభాగం చెబుతాడు. రెండూ మనిషి దగ్గరికి వస్తాయి, వివేకి వాటిని వేరుచేసి చూస్తాడు అంటాడు. వివేకానికి పని ఈ రెండింటి మధ్యనే. యముడి చిట్టాలోని వస్తువులు ఎన్ని ఉన్నా అవన్నీ ఒకే వైపువి. ప్రేయస్సుకూ ప్రేయస్సుకూ మధ్య తీర్పు చెప్పడానికి వివేకం అక్కర్లేదు, అభిరుచి చాలు. షోరూములో జరిగేది ఇదే: అభిరుచి చేస్తున్న పనికి వివేకం పేరు పెట్టుకుంటున్నాం.

ఇక్కడ ఎవరైనా అడ్డుపడవచ్చు. నచికేతుడు బ్రహ్మవిద్య కోరిన బాలుడు, మనం సంసారులం. అర్థకామాలను కూడా పురుషార్థాలుగా ఒప్పుకున్న సంప్రదాయంలో కోటీశ్వరుడి కారు మీద సన్యాసుల నీతి రుద్దడం ఏం న్యాయం? ఒప్పుకుంటాను. ఆ ఉపనిషత్తే ఒప్పుకుంటుంది. మొదటి అధ్యాయంలోనే కాస్త ముందుకు వెళితే యముడు రథాన్ని మళ్లీ తెస్తాడు, ఈసారి ఎరగా కాదు, బోధగా. శరీరం రథం, ఆత్మ అందులో కూర్చున్నవాడు, బుద్ధి సారథి, మనసు కళ్లెం, ఇంద్రియాలు గుర్రాలు, విషయాలు అవి పరుగెత్తే దారులు. కొద్దిసేపటి క్రితం పిల్లవాణ్ణి మభ్యపెట్టడానికి చూపిన వస్తువుతోనే ఇప్పుడు జ్ఞానం చెబుతున్నాడు. రథం మీద ఈ గ్రంథానికి ద్వేషం లేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? సారథి మెలకువగా ఉన్నాడా అన్నదే దాని ఆరా. ఐ7, ఈక్యూఎస్ లాంటివి మన దేశంలో ఎక్కువగా వెనక సీట్లో కూర్చునేవారి కార్లు. నడిపేది జీతగాడు, సీటు మసాజు వెనకవారికి; కానీ ఉపనిషత్తు ఆరా తీసే సారథి వెనకవారి బుద్ధే. కాబట్టి అర్థకామాలు ఉండకూడదని నేననడం లేదు. ఆ రెంటి ముందూ ధర్మాన్ని నిలబెట్టిన వరుసలో ధర్మం చేయవలసిన పని ఒకటుంది, అది హద్దు గీయడం. రెండు కార్ల పోలికలో ఆ హద్దు గీసే చోటే లేదు, ఎందుకంటే రెండూ హద్దుకు అవతల ఉన్నా, ఇవతల ఉన్నా కలిసే ఉంటాయి.

సమకాలీన తత్త్వశాస్త్రం నుంచి ఇంతకన్నా సూక్ష్మమైన అభ్యంతరం వస్తుంది. ఎడ్నా ఉల్మన్-మార్గలిట్, సిడ్నీ మోర్గెన్‌బెస్సర్ 1977లో రాసిన ఒక వ్యాసంలో కారణంతో ఎంచుకోవడాన్నీ, కారణం లేకుండా ఏదో ఒకటి తీసుకోవడాన్నీ విడదీశారు. దుకాణంలో వరుసగా పేర్చిన ఒకేరకం డబ్బాల్లోంచి ఒకటి తీసుకోవడం రెండో కోవది. కార్ల ఎంపికను నేను ఆ రెండో కోవలో పడేయడాన్ని తత్త్వవేత్త రూత్ చాంగ్ అభిప్రాయాన్ని నమ్మేవారు ఒప్పుకోరు. ఆమె ప్రకారం రెండు వస్తువులు ఒకదానికన్నా ఒకటి మెరుగు కాకుండా, అలాగని సమానమూ కాకుండా, సాటిగా ఉండవచ్చు. అలాంటిచోట కారణాలు బయట దొరకవు, మనమే ఒకదాని వెనక నిలబడి కారణాన్ని పుట్టిస్తాం, అలా నిలబడటంలో మనమెవరమో తీర్చిదిద్దుకుంటాం. సంగీతమా న్యాయవాదమా అని తేల్చుకునే యువతి విషయంలో ఇది నిజమని నాకూ అనిపిస్తుంది. సంగీతం ఎంచుకుంటే అది ఆమెను రోజూ ఏదో అడుగుతుంది, సాధన అడుగుతుంది, కొన్ని స్నేహాలు వదులుకొమ్మంటుంది, ఆమె ఇచ్చినకొద్దీ ఆమె మారుతుంది. కారు అడిగేది సర్వీసింగ్ ఒక్కటే. నేను బీఎండబ్ల్యూ మనిషిని అని ఎవరైనా అంటే, అతను పుట్టించిన కారణం అందులో ఏమీ లేదు, వాణిజ్య ప్రకటన పుట్టించిన కారణాన్ని అతను అరువు తెచ్చుకున్నాడు. పైగా చాంగ్ చెప్పింది పూర్తిగా ఒప్పుకున్నా, రెండు ప్రత్యామ్నాయాలు సాటిగా ఉన్నాయన్నంత మాత్రాన ఆ రెండూ మన ముందు ఉండదగ్గవేనని తేలదు. ఆ సంగతి వేరే విచారించుకోవాలి.

అందని ద్రాక్షల మాట కూడా వస్తుంది, రానివ్వండి. ఈ వాదన రెండు కోట్ల దగ్గర మాత్రమే పనిచేసేదైతే ఆ అనుమానం న్యాయమే. కానీ లక్షన్నర రూపాయల ఫోన్లు రెండింటి మధ్య నెలరోజులు నలిగే జీతగాడికీ ఇది అంతే వర్తిస్తుంది, అంకెలోనే తేడా. ఇక ధనవంతుల విలాసం పదిమందికి బువ్వ పెడుతుందన్న వాదం 1714 నాటి బెర్నార్డ్ మాండవిల్ తేనెటీగల కథ అంత పాతది. డబ్బు ఖర్చయితే ఎవరికో ముడుతుంది, నిజమే. పాఠశాలకు గదులు కట్టినా తాపీ మేస్త్రీకి ముడుతుంది. ఉపాధి అన్నది ఖర్చు చేయడానికి కారణం అవుతుంది, ఫలానా దాని మీదే చేయడానికి కాదు.

ఇది నా డబ్బు, నా కారు అనేవారికి మాత్రం ఒక లెక్క చూపాలి. విద్యుత్ వాహనాల మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతం; 2025 సెప్టెంబరు మార్పుల తర్వాత పెద్ద పెట్రోలు కార్ల మీద 40. పై తేడా ప్రజలందరూ కలిసి వదులుకున్న ఆదాయం. తెలంగాణ 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మాఫీ చేసింది, 2026 చివరిదాకా. అదే స్థాయి పెట్రోలు కారుకైతే ఆ లైఫ్ టాక్సే లక్షల్లో ఉంటుంది. అప్పు చేసి ఆటో కొన్నవాడికీ ఈక్యూఎస్ కొన్నవాడికీ ఒకే జీవో, లక్షల్లో చూస్తే రెండోవాడికే ఎన్నో రెట్లు. ఆ కారులో కొంత భాగం జనం డబ్బుతో కొన్నదే కాబట్టి ఎంతవరకు అన్న ప్రశ్న అడిగే హక్కు జనానికీ ఉంది. ప్రభుత్వానికి హద్దు గీయడం చేతకాదనీ కాదు. 2019లో కేంద్రం తెచ్చిన ఫేమ్-2 పథకంలో కార్లకు రాయితీ దక్కాలంటే ఫ్యాక్టరీ ధర 15 లక్షలు దాటకూడదన్న షరతు ఉండేది.

వ్యక్తుల కోసం ఇలాంటి హద్దును ఒక వ్రతంగా మలచినవారు జైనులు. గృహస్థుల అణువ్రతాల్లో ఐదోది పరిగ్రహ పరిమాణం: ఆస్తి వద్దనుకోవడం కాదు, ఇంతకు మించి వద్దని ముందే అనుకోవడం. రోజువారీ పాటించే పద్నాలుగు నియమాల్లో వాహనానికి ప్రత్యేకంగా స్థానం ఉంది, ఈరోజు ఎన్ని వాహనాలు వాడతానో పొద్దున్నే అనుకోవాలి. ఉపాసకదశాంగంలో వాణిజ్యగ్రామానికి చెందిన ఆనందుడనే మహా సంపన్నుడు మహావీరుడి ముందు ఈ వ్రతం పట్టాడు. దూరప్రాంతాలకు తిరిగే బళ్లు ఐదువందలు, ఊళ్లో సరుకు మోసేవి మరో ఐదువందలు, పడవలు ఇన్ని, నాగళ్లు ఇన్ని, అంతకు మించి కూడబెట్టనని. వెయ్యి బళ్లు ఉంచుకుని వ్రతమా అని నవ్వవచ్చు. నాకైతే అందులో హద్దు ఎత్తు కన్నా దాన్ని గీసిన వరుస ముఖ్యమనిపిస్తుంది. కొనే వస్తువు కంట పడకముందే, ధరల జాబితా చేతికి రాకముందే ఆనందుడు హద్దు చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఏ బండి కొనాలన్నది ఏ తూకమూ లేకుండా తేల్చుకోవచ్చు, రంగు నచ్చిందన్నా చాలు. షోరూముకు వెళ్లాక హద్దు గీసుకుందామంటే మాత్రం అక్కడ ఎప్పుడూ ఇంకొక మోడల్ ఉంటుంది.

ఆ ఐదువందలే ఎందుకు, నాలుగువందల తొంభై ఎందుకు కాకూడదు, ఏ హద్దయినా మనం కల్పించుకున్నదే కదా అంటే, కల్పించుకున్నదే. ఫేమ్-2లోని 15 లక్షలు 14 కావచ్చు, 16 కావచ్చు. అటో ఇటో లాగే కారణం ఏ పట్టికలోనూ దొరకదు. దొరకలేదని హద్దు గీయడమే మానుకుంటే ఖర్జూరాల ముందు చేతులు ముడుచుకుని కూర్చున్నవాడితో సమానం. తేడా లేనిచోట తేడా పెట్టి ముందుకు సాగడం ఇచ్ఛకు సాధ్యమని గజాలీ అన్నమాట కార్ల మధ్య వృథా అయింది గానీ హద్దు దగ్గర అక్షరాలా పనికొస్తుంది.